లైటు కింద నీళ్ళు

కలిదిండి వైపు చేపల చెరువుల మీద జుట్టు నెరిసేదాకా పనిచేసిన అహరోనుకి నీళ్ళను ఊరికే నమ్మే అలవాటు లేదు. కొత్త చెరువులో చేపపిల్ల వదలబోయే ముందు ఆ నీళ్ళు బేసినులో పోసి, కాసిని పిల్లల్ని వేసి, మర్నాటిదాకా చూసేవాడు. పిల్ల బతికితేనే అవి నీళ్ళు. ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు చూసుకోమంటే అక్కడికీ ఆ బుద్ధే తెచ్చుకున్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. చర్చివాళ్ళకి పుడకలెక్కడివి గాని, బుద్ధి సంగతి మాత్రం నిజమే!

ఆ వేసవిలో కాలవకి నీళ్ళు కట్టేశారు. కాలవ నీళ్ళు నింపుకున్న మంచినీళ్ళ చెరువు అడుగంటి వాసన కొడుతోంది. కూతురు పెర్సిస్ తొలికాన్పుకి పుట్టింటికొచ్చి ఉంది. కడుపుతో ఉన్న బిడ్డ నోట మురికి నీళ్ళు పడకూడదని అహరోను తాపత్రయం. ప్లాంటులో బ్లీచింగు కలిపాక నీళ్ళు క్రిముల్ని చంపే యూవీ లైటు కింద ఒక్కసారి పోతే చాలని మెకానిక్కు చెప్పాడు. ఈయన వింటేనా! చేపల పంట తీసిన చెరువుని ఎండగడితే రోగం చస్తుంది, ఈ లైటూ ఎండలాంటిదేగా అనుకుని, అవే నీళ్ళని మళ్ళీ మళ్ళీ లైటు కిందికి తిప్పాడు. నీళ్ళు తేటగా వచ్చాయి. ఊరంతా మెచ్చుకుంది.

కొన్ని వారాలకి, ఏదో గొప్ప చూసుకుందామని రెండు బేసిన్లు పెట్టి చేపపిల్లల్ని వేశాడు. ఒకదాంట్లో ప్లాంటుకి పోని మంచినీళ్ళ చెరువు నీళ్ళు, రెండోదాంట్లో బ్లీచింగు వాసన పోయేదాకా ఆరబెట్టిన ప్లాంటు నీళ్ళు. మర్నాడు చెరువు నీళ్ళలో పిల్లలు చురుగ్గా ఈదుతున్నాయి. ప్లాంటు నీళ్ళలోవి పక్కకి ఒరిగిపోయి నోళ్ళు తెరుస్తున్నాయి. పిల్లల్ని మార్చి చూసినా అంతే.

ఏమీ తేలకుండా ఇంట్లో భయపెట్టడం ఎందుకని ఎవరికీ చెప్పకుండా, అహరోను రెండు రకాల నీళ్ళూ సీసాల్లో పట్టుకుని ఏలూరు ల్యాబుకి వెళ్ళాడు. అక్కడి కెమిస్టు గాయత్రి పరీక్షలు చేసి, ఫలితం వచ్చాక పిలిపించింది.

“తీపి మందుల ఆనవాళ్ళున్నాయండీ. చక్కెర లేని కూల్‌డ్రింకులు, టీలో వేసుకునే మాత్రలు ఉంటాయి కదండీ, వాటిలోవి. కొన్ని ఒంట్లో అరగవు. మురుగులోంచి కాలవలోకి వచ్చేస్తాయి. మామూలు ఫిల్టరుకి దొరకవండీ. గట్టి లైటు పడితే విరిగి వేరే పదార్థాలవుతాయి. అవి అసలు తీపి మందుకన్నా చిన్న ప్రాణులకి ఎక్కువ చేటని కొన్ని పరీక్షల్లో తేలిందండీ.”

అహరోను షుగరు మనిషి. జేబులో అలాంటి మాత్రల డబ్బీయే ఉంది. సిగ్గేసింది.

“మరి మనుషులకో అమ్మా?”

“ఇంకా ఎవరూ తేల్చలేదండీ. మీ చేపపిల్లలకి దానివల్లే అయిందని కూడా గట్టిగా చెప్పలేను. లైటు ఎక్కువసేపు వాడకండి. కడుపుతో ఉన్నవాళ్ళుంటే మాత్రం వేరే నీళ్ళు ఇవ్వండి.”

ప్లాంటు ఆపేయమని ఫోన్ చేసి చెప్పి, దారిలో ఆకివీడులో నీళ్ళ క్యాను కొని, భుజాన మోసుకుంటూ ఇల్లు చేరాడు. పెర్సిస్ మంచం మీద కూర్చుని ప్లాంటు నీళ్ళు తాగుతోంది. చేతిలో గ్లాసు లాగేసుకుని సంగతంతా చెప్పాడు.

ఆమె చెయ్యి మెల్లగా కడుపు మీదికి పోయింది.

“పొద్దుట్నుంచీ లోపల కదలిక లేదు నాన్నా. నీళ్ళు తాగితే కదులుతాడని అమ్మ చెప్పింది. అందుకే తాగుతూనే ఉన్నాను.”