గాలి తినేసిన అక్షరం

పక్కింటి ఆంటీ మంగళవారం పొద్దున పోయారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి, "అమ్మ ఇంక లేదు. నిద్రలోనే..." అని ఆగిపోయింది. నా చేతులు చల్లబడ్డాయి. భయం నాకు ముందు చేతుల్లోకి వస్తుందని కనిపెట్టింది ఆంటీయే.

ఆమె సియాటిల్‌లో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఊరికి గంట దూరంలో కొండ మీద స్కీయింగ్ చేసే చోటు ఉంది. చలికాలమంతా ఆమె మనసు అక్కడే. అక్కడ చలి కాచుకునే లాడ్జ్‌లో అందరూ హాట్ చాక్లెట్ తాగుతుంటే, ఆమె ఫ్లాస్కు మూతలో చారు పోసుకుని ఊదుకుంటూ తాగేవారు.

2011 చలికాలానికి నేను పెళ్లయి కొత్తగా వచ్చాను. వీసా వల్ల ఉద్యోగం చెయ్యడానికి లేదు. ఇంట్లో చదువుకుంటూ కూర్చునేదాన్ని. ఓ రోజు ఆంటీ తలుపు కొట్టారు.

"ఆ పుస్తకం ఎక్కడికీ పారిపోదులే. జాకెట్ వేసుకో."

"నాకు భయం ఆంటీ."

ఆమె నా చేయి పట్టుకుని చూశారు. "అవును, ఐస్. భయపడుతూనే నేర్చుకుందువుగాని."

మొదట్లో చిన్నపిల్లల వాలు మీద నేర్పారు. "నిటారుగా నిలబడతావేం? కాన్వెంట్‌లో ప్రేయరా ఇది? మోకాళ్లు వంచు!"

తర్వాత ఓ రోజు తీగకు వేలాడే కుర్చీల లిఫ్ట్‌లో కొండ పైదాకా తీసుకెళ్లారు. దిగేసరికి పొగమంచు కమ్మేసింది. నా కాళ్లకున్న స్కీల కొనలు నాకే కనిపించలేదు. "నేను ముందెళ్లి చూస్తాను. పిలిస్తేనే రా" అని ఆంటీ కిందికి జారి మాయమయ్యారు.

నేల ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. గాలి తప్ప చప్పుడు లేదు. అప్పుడు కింది నుంచి ఆమె గొంతు: "రా!"

కదిలాను. కాళ్ల కింద మంచు గాజులా గట్టిగా ఉంది. ఆపుదామన్నా స్కీలు ఆగలేదు. తెల్లదనంలోంచి ఎర్ర జాకెట్ ఒకటి చేతులు చాచి అడ్డం వచ్చింది. గుద్దుకుని ఇద్దరం పడ్డాం. ఆమె వెనకే హెచ్చరిక తాడు. దాని అవతల కొండ లేదు.

"రాకు అని అరిచానే పిల్లా!"

"రా అన్నారు ఆంటీ."

ఆమె రొప్పుతూ నా మొహం చూశారు. "రా-కు. ఆ 'కు' గాలి తినేసింది." నవ్వబోయారు గానీ పెదవులు వణికాయి. "మన భాషలో వద్దనేది చివర్లో వస్తుంది. కొండ మీద అదే ముందు రావాలి."

ఆ తర్వాత ఆమె అలాగే మాట్లాడేవారు. మా వంటింట్లో కూడా, "వద్దు! ఉప్పు వెయ్యకు, వేశాను."

ఆ రోజు మాత్రం ఇంకా దిగాల్సి ఉంది.

"నేనిక్కడే ఉండిపోతాను ఆంటీ."

"ఉండు. మేలో మంచు కరిగాక వచ్చి తీసుకెళ్తా."

అంటూనే నన్ను లేపి, తాడుకి దూరంగా, ఆ గట్టి మంచు దాటించారు. నా చేతికర్రల కొనలు తను పట్టుకుని, లోయకి వీపు పెట్టి, నా ఎదురుగా నిలబడ్డారు.

"వద్దు, కిందికి చూడకు. నన్ను చూడు."

ఆమె వెనక్కి జారడం మొదలుపెట్టారు. అప్పుడప్పుడు భుజం మీదుగా ఒక్క చూపు, మళ్లీ కళ్లు నా మొహం మీదికే. ఆ వీపు వెనక ఏముందో నాకు కనిపించలేదు. కర్రలు గట్టిగా పట్టుకున్నాను. ఆమె నావైపే చూస్తూ, వెనక్కి, వెనక్కి, ఆ తెల్లదనంలోకి దిగుతున్నారు.