మడి మట్టి చెయ్యి

మా అక్క కూతురు సూర్యకళ మనుషుల చేతులకు ఫోటోలు తీసి, వాటిని చూస్తూ మట్టితో చేసి, బట్టీలో కాలుస్తుంది. హార్బర్లో చేపలమ్మేవాళ్లు, పోర్టులో మూటలెత్తేవాళ్లు, ఎవరి చెయ్యైనా సరే. ఇరవయ్యేళ్లుగా ఇదే పని. "మట్టి పిసుక్కుంటే కూడెడతాదేటే" అని నేను బోలెడుసార్లు వెక్కిరించాను. నా నోరు అలాంటిది.

స్టీల్ ప్లాంట్లో చేసి రిటైరైన మా శ్రీరామ్మూర్తి బావ, ఆర్నెల్లు మంచాన పడి, పోయినేడు పోయాడు. నీటికాసులతో చూపు పోయిన మా అక్క వెంకటరమణమ్మకు ఆయన ఫోటోలెందుకు? ఒకరోజు కూతుర్ని అడిగింది.

"ఊళ్లో అందరి సేతులూ సేత్తన్నావు. మీ నాన్న సెయ్యి ఒక్కటి సెయ్యవే. ఓపాలి పట్టుకుంటాను."

సూర్యకళ దగ్గర ఆ చేతి ఫోటో లేదు. ఊరందరినీ ఫోటో తీసిన పిల్ల, జబ్బుపడ్డ తండ్రిని ఒక్క ఫోటో కూడా తీయలేకపోయింది. చూడలేక గుమ్మం దగ్గరే నిలబడి వెళ్లిపోయేది. చివరికి రిటైర్మెంటునాటి ఫోటో ఒకటి వెతికింది. అందులో బావ చేతిలో హెల్మెట్ ఉంది. ఆ హెల్మెట్ ఇంట్లోనే ఉంది కాబట్టి, దాన్ని కొలిచి చేతి కొలత లెక్కగట్టింది.

మట్టి నేనే తెచ్చాను. "ప్లాంటులో చేరకముందు మీ నాన్న దున్నిన మడుండగా కొన్న మట్టెందుకే" అని మా ఊరు పద్మనాభం నుంచి వాళ్లుండే కూర్మన్నపాలెం దాకా స్కూటర్ మీద రెండు సంచులు మోసుకొచ్చాను.

బట్టీ తెరిచాక నా తెలివి తెల్లారింది. కాలితే మట్టి కుదించుకుపోతుందని సూర్యకళకు తెలుసు, కాస్త పెద్దదిగానే చేసింది. కానీ మడి మట్టి అనుకున్నదానికంటే ముడుచుకుపోయింది. వేళ్లు సన్నబడి లోపలికి వంగాయి. సూర్యకళ దాన్ని అలమరలో మూలకు తోసి, కొన్న మట్టితో నెల్లాళ్లు కష్టపడి మళ్లీ చేసింది. ఈసారి అచ్చం ఫోటోలో ఉన్నట్టే వచ్చింది.

అక్క దాన్ని నిదానంగా తడిమింది. "బాగుందే. డూటీకెల్లినప్పటి సెయ్యిది," అని తిరిగిచ్చేసింది. మళ్లీ చెయ్యి చాపి, "ముందోటి సేసేవంట, మీ మావ సెప్పేడు. అదేదీ?" అంది.

"అది పాడైపోయిందమ్మా."

"ఇయ్యి."

అందుకుని, వంగిన ఆ వేళ్ల మధ్య తన వేళ్లు దూర్చింది.

"ఇదే. ఆకర్ని ఇలాగే సిక్కిపోయింది. ఇలాగే పట్టుకుని ఒగ్గనేదు."

సూర్యకళ గోడకు ఆనుకుపోయింది. "నాను సూడనేదమ్మా," అంది.

"తెలుసే. గుమ్మం కాడ ఉన్నావని ఆయనకీ తెలుసు. నువ్వు కదిలేదాకా అటే సూసీవోడు." అక్క ఆ చేతిని ముందుకు చాపింది. "రా. ఇప్పుడు పట్టుకో."

సూర్యకళ వచ్చి పక్కన కూర్చుని పట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.