ఏలూరు పిన్‌కోడ్

కీబోర్డు మీద కొట్టే అంకెలు కంప్యూటర్‌కి అంకెలు కావు, అక్షరాలు. ఒక్కో అక్షరాన్నీ తీసుకుని, అంతవరకూ వచ్చినదాన్ని పదితో హెచ్చించి, దీన్ని కలుపుకుంటూ పోతే అప్పుడు సంఖ్య అవుతుంది. తాడేపల్లిగూడెం డిగ్రీ కాలేజీలో ఏటా ఈ ప్రోగ్రాం నేర్పేదాన్ని. అయిన సంఖ్యను దాచడానికి ఇంట్ అని చిన్న గది, లాంగ్ అని పెద్ద గది ఉంటాయి. ప్రోగ్రాంని కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్ మా ల్యాబ్‌లో ఇంకా పాతదే. దాని ఇంట్‌లో 32767 దాటితే పట్టదు. పట్టలేదని చెప్పను కూడా చెప్పదు, ఏమీ ఎరగనట్టు ఇంకేదో సంఖ్య చూపిస్తుంది. మనుషుల్లో ఈ గుణం కనిపిస్తే నేను కడిగేసేదాన్ని. ల్యాబ్‌లో ఫ్యాన్ల కోసం ప్రిన్సిపాల్‌తో మూడు నెలలు దెబ్బలాడినదాన్ని.

ఫైనలియర్‌లో ఒకమ్మాయి కొల్లేరు లంకల నుంచి వచ్చేది. ఏలూరు దాకా ఆటో, అక్కణ్ణుంచి పాసింజరు. వాళ్ల నాన్న చేపల చెరువు మీద కాపలా. అన్ని పేపర్లూ ఒక్కసారే పాసైతే ఎం.సి.ఏ.కి పంపుతానని, ఒక్కటి పోయినా చదువు మాన్పిస్తానని ముందే చెప్పేశాడట.

ఆ పిల్ల ల్యాబ్ రికార్డు దిద్దుతుంటే, ఈ ప్రోగ్రాంలో ఇంట్ ఉండాల్సిన చోట లాంగ్ కనబడింది.

"ఇదేంటమ్మా?"

"పెద్ద నంబరిస్తే ఇంట్‌లో పట్టట్లేదండి. మా పక్కింటివాళ్ల ల్యాండ్‌ఫోన్ నంబరు కొట్టి చూశానండి."

"మాన్యువల్లో ఏముంది?"

"ఇంటేనండి."

"మాన్యువల్ రాసినవాళ్లకంటే నీకెక్కువ తెలుసా?"

ఆ మాన్యువల్ రాసింది నేనే. పిల్ల చెప్పింది నిజమని అప్పుడే తెలుసు. అయినా ఎర్ర ఇంకుతో లాంగ్ కొట్టేసి, పైన ఇంట్ అని రాసి, సంతకం పెట్టాను.

ప్రాక్టికల్స్‌కి ఏలూరు నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చాడు. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారికి చేపల పులుసుతో భోజనం పెట్టడం మా కాలేజీ ఆచారం. చేపలు తెచ్చే పూచీ లంకల పిల్లలది. ఆ ఏడు కొరమేనులు ఈ పిల్ల ఇంటినుంచే వచ్చాయి. ఆయన తృప్తిగా తిని, పళ్లు కుట్టుకుంటూ వచ్చి ఆ పిల్ల కంప్యూటర్ దగ్గరే నిలబడ్డాడు. పిల్లకి పడింది ఈ ప్రోగ్రామే.

"మా ఏలూరు పిన్‌కోడ్ కొడతానుండమ్మా" అని 534001 కొట్టాడు. తెరమీద 9713 వచ్చింది.

"అదేంటి, మా ఊరినెక్కడికి పంపేశావు?"

మా డిపార్ట్‌మెంట్ హెడ్డు పెద్దగా నవ్వాడు.

"ఇంట్ ఎందుకు పెట్టావమ్మా? ఈపాటి తెలీదా?" అన్నాడు ఎక్స్‌టర్నల్.

పిల్ల నావైపు చూసింది. రికార్డు బల్లమీదే ఉంది. తెరిస్తే నా ఎర్ర ఇంకు, నా సంతకం.

"లాజిక్ కరెక్టేనండి. మార్కులు వేయాలండి" అన్నాను.

"మీరే చెప్పండి మేడమ్, 9713 ఏ ఊరండి?"

పది నిమిషాలు వాదించాను. గట్టిగానే వాదించాను. లాంగ్ కొట్టేసింది నేనేనన్న ఒక్క ముక్క తప్ప అన్నీ అన్నాను. వాదిస్తూనే ఆ రికార్డు తీసి, దిద్దేసిన కట్టలో అడుక్కి తోశాను.

"తెలియక పెట్టానండి" అంది పిల్ల.

ప్రాక్టికల్ పోయింది. వాళ్ల నాన్న మాట మీద నిలబడ్డాడు. డిగ్రీ కాగితమైనా చేతికొస్తుందని సప్లిమెంటరీకి మాత్రం కట్టనిచ్చాడు. పరీక్షకి ముందురోజు ప్రాక్టీసుకి వచ్చింది. వెనక నిలబడి చూశాను. ఇంట్ అనే కొడుతోంది.

"లాంగ్ పెట్టమ్మా."

"వద్దండి. మీరు దిద్దిందే పెడతానండి."

గొంతులో కోపం లేదు. ఉండుంటే ఏదో ఒక సమాధానం చెప్పేదాన్ని, నాకు చేతనైంది అదొక్కటే.

మర్నాడు ఇంకో ఎక్స్‌టర్నల్ వచ్చాడు. పిల్లకి మళ్లీ అదే ప్రోగ్రాం పడింది. 25 కొట్టి చూశాడు. 25 వచ్చింది. ఫుల్ మార్కులు వేశాడు.