అల్యూమినియం మీద అరచెయ్యి

కొత్తగా జీతం అందుకునే రోజుల్లో మనిషికి తనకి తెలియనిది ప్రపంచంలో ఏదీ లేదనిపిస్తుంది. నేనప్పుడు సూరత్‌లో, పాండేసరలోని ఒక అద్దకాల మిల్లులో, చీరల రంగు నమూనాతో సరిపోయిందో లేదో చూసే ఉద్యోగంలో చేరి, గోడాదరాలో మా బాబాయి ఇంట్లో మకాం పెట్టాను. రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే మా బాబాయి ఇంటి దగ్గర విమానం కడుతున్నాడు. (నవ్వకండి. పోస్టులో ప్లాన్లు తెప్పించుకుని, అల్యూమినియం రేకులు కత్తిరించి, రివెట్లు కొట్టి, నిజంగానే ఒక మనిషి పట్టే విమానం. ముందుగా తోక మొదలెట్టాడు.) మేడ మీద కాపురం, కింద మూతబడ్డ మగ్గాల హాలు, ఆ హాల్లో తోక. "ఒరేయ్, రంగుల్లోనేగా నీ ఉద్యోగం, ప్రైమర్ సంగతి నువ్వు చూడు" అన్నాడు బాబాయి. చీరకీ రెక్కకీ సంబంధమేమిటని నేను అడగలేదు సరికదా, పొంగిపోయాను.

సంగతేమిటంటే, అల్యూమినియానికి రంగు ఊరికే అంటుకోదు. ముందు ప్రైమర్ అనే అడుగుపూత పట్టాలి. అది సరిగ్గా పట్టకపోతే ఉప్పుగాలి రేకుని లోపల్లోపలే తినేస్తుంది, పైకి ఏమీ తెలియదు. "స్కూటరు రేకు పోతే దిగి చూసుకోవచ్చురా, దీని రేకు పోతే దిగడమొక్కటే మిగులుతుంది" అనేవాడు బాబాయి. ఆ మాట వచ్చినప్పుడల్లా పిన్ని ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయేది. నేను అడాజన్‌లో కార్ల రంగులమ్మే కొట్టుకి వెళ్లి మూడు స్ప్రే డబ్బాలు ఏరుకొచ్చాను. ఒకటి బూడిద రంగు, ఒకటి ఎరుపు ("బధా పర్ చాలే, భాయ్", దేనిమీదైనా నడుస్తుందని కొట్టతను ఒట్టేశాడు, ఇనుముకి మాత్రమే అని డబ్బా మీదే ఉంది), ఇంకోటి ఆకుపచ్చ కలిసిన పసుపు, అచ్చంగా అల్యూమినియానిదే.

పొద్దున్న డ్యూటీకి వెళ్లేముందు రేకు ముక్కల్ని గరుకు కాగితంతో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, తీగకి వేలాడదీసేవాళ్లం. సాయంత్రం వచ్చి స్ప్రే కొట్టేవాళ్లం. ఆరాక ఉప్పునీళ్ల గుడ్డ చుట్టి కొన్నాళ్లుంచి, చీరల పార్సిళ్లకి వేసే వెడల్పాటి టేపు అంటించి ఒక్కసారిగా లాగడం పరీక్ష. టేపుకి రంగు రాకపోతే ప్రైమర్ పాసైనట్టు.

బూడిద రంగు పరీక్ష ఒక ముసురు పట్టిన ఆదివారం పెట్టాం. లైటు వేసినా హాలు మసగ్గానే ఉంది. పక్క హాలు మగ్గాల అదురుకి తీగ మీది ముక్కలు సన్నగా వణుకుతున్నాయి. టేపు లాగాను. టేపుతోపాటు ఒక చెయ్యి ఊడి వచ్చింది. చిన్న అరచెయ్యి, వేళ్లు, అన్నీ ప్రైమర్‌తోనే. ఉంగరపు వేలు మాత్రం సగమే ఉంది. బాబాయి నా చేతుల వంక చూశాడు, నేను ఆయన చేతుల వంక చూశాను. రెండు జతలూ దానికన్నా చాలా పెద్దవి. "డబ్బా మంచిది కాదులే" అన్నాడు బాబాయి గొంతు సవరించుకుని. ఎర్ర డబ్బాకీ అదే చెయ్యి వచ్చింది. నేను ప్రాణం పెట్టుకున్న పసుపు డబ్బాకీ అదే వచ్చింది, అదే సగం వేలుతో.

పక్క హాల్లో మగ్గం నడిపే జగిత్యాల అన్నకి ఆ టేపు చూపించడం నా తెలివితక్కువతనం. ఆయన దాన్ని ముట్టుకోను కూడా లేదు. "ఏంది తమ్మీ, గీ హాల్ల రంగు నిలుస్తదనుకున్నవా? ముంగట ఈడ బాబిన్లకు దారం చుట్టే అమ్మ ఒకామె ఉండె. మగ్గంల ఏలు పడి సగం పోయింది. అటెన్క ఊరికి పోయిందని కొందరంటరు, పోలేదని కొందరంటరు. జర పైలం" అని బీడీ ముట్టించుకున్నాడు. ఆ తర్వాత హాల్లోకి వెళ్లాలంటే గట్టిగా దగ్గి వెళ్లేవాణ్ణి. (ఎవరికి వినపడాలనో!) కరెంటు కోతకి మగ్గాలకి సెలవిచ్చిన రోజొకటుంది. మధ్యాహ్నం త్వరగా వచ్చి తలుపు తీశాను. పక్కన చప్పుడు లేదు, గాలి లేదు. తీగ మీది ముక్కలు మాత్రం మెల్లగా ఊగుతున్నాయి. మెట్లు ఎలా ఎక్కానో నాకు గుర్తు లేదు.

"ఇట్లా అయితే తోక కూడా వద్దురా, మానేద్దాం" అన్నాడు బాబాయి ఆ వారం. అన్నం సరిగ్గా తినలేదు. అన్నేళ్ల కోరిక ఆయనకి.

మర్నాడు పిన్ని జొన్నరొట్టెలు చేస్తోంది. పొయ్యి దగ్గర్నుంచి లేస్తూ, పిండి పరిచిన బండ మీద చెయ్యి ఆనించింది. పిండిలో చిన్న అరచెయ్యి పడింది. చిన్నప్పుడు తలుపు సందులో నలిగి వంకరపోయిన ఆవిడ ఉంగరపు వేలు దేనికీ పూర్తిగా ఆనదు. బండ మీద ఆ వేలు సగమే ఉంది. బాబాయిని చొక్కా పట్టుకుని లాక్కొచ్చి చూపించాను.

"ఏమే, హాల్లోకి వెళ్తున్నావా?"

"రోజూ మధ్యాహ్నం, మీరు డ్యూటీలో ఉండగా వెళ్తున్నానండీ. దీపం పెట్టి, అదే చేత్తో ఒక్కో ముక్కనీ ముట్టుకుని దణ్ణం పెట్టుకుంటున్నా. ఏం?"

"నూనె చేత్తోనా!" అని అరిచాను నేను.

"రోజూ నెయ్యి దీపం పెట్టేంత ఉందా మనకి?" అంది పిన్ని. అని, ఇంక ఆపుకోలేకపోయింది. "అంతెత్తున మీరొక్కరే ఉంటారు. ఆ రేకులు తప్ప మిమ్మల్ని పట్టుకునేవాళ్లెవరండీ అక్కడ? వాటికొక మాట చెప్పుకోవాలా వద్దా?"

బాబాయి కిందికి వెళ్లి, ఏ బరువూ మోయని చిన్న మూత రేకొకటి థిన్నర్‌తో తుడిచి తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "నీ ఇష్టం వచ్చినంత నూనె రాయి. దీన్ని నా సీటు వెనక బిగిస్తా. మిగతావి మాత్రం నాకొదిలెయ్" అన్నాడు.

పిన్ని నూనె చెయ్యి ఆనించాక రంగు కొట్టిన ఆ మూతకి తప్ప అన్నిటికీ పసుపు ప్రైమర్ చక్కగా పట్టింది. విమానం మాత్రం తోక దగ్గరే ఆగిపోయింది. బాబాయికి బదిలీ అయింది, ఆ తర్వాత మోకాళ్లు మొరాయించాయి. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. ఆ మూత నా దగ్గరుంది. వానాకాలం తేమకి పసుపు రంగు అడుగునుంచి చెయ్యి పైకి తేలుతుంది, ఎవరో లోపలి నుంచి ఆనించినట్టు. ఇప్పుడు నాకు భయం వెయ్యదు.

విమానం ఎక్కేటప్పుడల్లా తలుపు పక్కన రేకు మీద ఒకసారి అరచెయ్యి ఆనిస్తాను. మిల్లులో ఆనాటి సర్వజ్ఞుడు (నేనే!) చూస్తే పడీ పడీ నవ్వేవాడు. నవ్వనీ. చెయ్యి ఆనించేముందు దాన్ని రుమాలుతో శుభ్రంగా తుడుచుకుంటున్నాను కదా!