మేస్త్రి ఓబమ్మ గొంతు కేసు

ఓబమ్మను మొదటిసారి చూసినప్పుడు ఆమెకు మాట రాదేమో అనుకున్నాను.

బళ్ళారి కోర్టు ఆవరణలో ఉచిత న్యాయసేవల గది ఒకటుంది. వారానికి మూడు రోజులు నేను అక్కడ వాలంటీరుగా కూర్చుంటాను. అంతకు ముందు ముప్పయ్యొక్క ఏళ్ళు ఒక మిషన్ ఆసుపత్రి రికార్డు గదిలో పనిచేసి రిటైరయ్యాను. పేరు జాయ్స్. నాకు చట్టం పెద్దగా తెలియదు గానీ ఆసుపత్రి కాగితాలు బాగా తెలుసు. అందుకే వైద్యం వికటించి వచ్చేవాళ్ళను నా బల్ల దగ్గరికే పంపుతారు.

ఆ రోజు కంప్లి నుంచి మొగుడూ పెళ్ళామూ వచ్చారు. మొగుడు కెంచప్ప చెప్పడం మొదలుపెట్టాడు. పక్కనున్న మనిషి ఆయన మోచేయి పట్టుకుని ఆపింది.

"నేను చెప్తా," అంది.

అది గొంతు కాదు, గాలి. నేను కుర్చీ ముందుకు జరుపుకుని ఆమె నోటి దగ్గర చెవి పెట్టాల్సి వచ్చింది. ఒక్కో ఊపిరికి మూడు నాలుగు మాటలు. మధ్యలో ఆయాసం. అలా ముక్కాలు గంట చెప్పింది. తేదీలన్నీ కాలవకు నీళ్ళు వదిలిన వారం, నాట్లు ముగిసిన వారం అని గుర్తుపెట్టుకుంది. ఇంటికొచ్చి క్యాలెండరు పెట్టి చూసుకుంటే ఒక్కటీ తప్పు లేదు.

ఓబమ్మ నాట్ల మేస్త్రి. ఇరవై రెండు మంది ఆడవాళ్ళను వెంటపెట్టుకుని కంప్లి చుట్టుపక్కల మడుల్లో వరి నాటించేది. ఆమె కేక వేస్తే గట్టు మీదున్న ట్రాక్టరు శబ్దాన్ని దాటి అవతలి మడిలో వినబడేదట. గొంతులో గడ్డ లేచింది. ముద్ద మింగడం కష్టమయ్యాక బళ్ళారిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వచ్చారు. థైరాయిడ్ గడ్డ అన్నారు, ఆపరేషన్ చేశారు. మరునాడు లేచి నీళ్ళడగబోతే గొంతు రాలేదు. నీళ్ళు తాగితే దగ్గు. మూడు రోజులకు డిశ్చార్జి చేశారు. తర్వాత రెండుసార్లు చూపించుకోడానికి పోతే, చలువ చేసిందమ్మా, ఉప్పునీళ్ళు పుక్కిలించు అని పంపేశారు. నా దగ్గరికి వచ్చేటప్పటికి ఏడాది మీద రెండు నెలలయింది.

"ఏం కావాలి ఓబమ్మా నీకు?" అని అడిగాను. అందరినీ మొదట అడిగేది అదే.

"గడ్డ తీస్తామన్నారు, తీసినారు. బాగనే తీసినారు. నా గొంతు ఎట్ల పోయిందని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలే. అది తెలియల్లక్కా నాకు."

ఇంతమందిని చూశాను గానీ, మొదటి మాటగా ఇది అడిగినవాళ్ళు లేరు.

ఉన్న దారులన్నీ చెప్పాను. పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు, అయితే డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే చాలా పెద్ద నిర్లక్ష్యం రుజువు కావాలి, ముందు వేరే డాక్టరు అభిప్రాయం తీసుకుంటారు అన్నాను. ఓబమ్మ తల అడ్డంగా ఊపింది. "జైల్లో పెట్టిస్తే నాకేమొస్తాది?" మెడికల్ కౌన్సిలుకు రాస్తే వాళ్ళు విచారించి, తప్పుంటే డాక్టరు రిజిస్ట్రేషన్ కొన్నాళ్ళు ఆపుతారు అన్నాను. ఆలోచించింది. "ఆయప్ప చేతి మీద ఎంతమంది బాగైనారో. అది ఇప్పుడే వద్దు." ఇక వినియోగదారుల కమిషన్ ఉంది, డబ్బు కట్టి చేయించుకున్న వైద్యంలో లోపముంటే అక్కడ అడగొచ్చు, జరిగిన రెండేళ్ళలోపు వేయాలి, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఈ గది నుంచే వకీలును ఉచితంగా ఇస్తారు అన్నాను.

"డాక్టరప్ప ఆడ జవాబు చెప్పల్లనా?"

"రాసి ఇవ్వాలి."

"అయితే అదే."

ముందు ఆసుపత్రి నుంచి కేసు షీటు తెప్పించాలి. ఓబమ్మ అంతకు ముందే రెండుసార్లు అడిగిందట, ఇవ్వడం కుదరదన్నారట. రోగి అడిగిన మూడు రోజుల్లో రికార్డు నకలు ఇవ్వాలని డాక్టర్ల నియమావళిలోనే ఉంది. ఆ మాట రాసి రిజిస్టరు పోస్టులో పంపాం. పదకొండో రోజున కాగితాల కట్ట వచ్చింది.

రికార్డు గది మనిషిని కాబట్టి నేను డాక్టర్ల రాతలు కాదు, నర్సుల రాతలు ముందు చూస్తాను. డాక్టరు పేజీలో "రోగి బాగుంది" అని మూడు రోజులూ ఒకే మాట. నర్సు పేజీలో ఆపరేషన్ అయిన మరునాడు పొద్దున ఆరూ పదికి చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో ఒక వరస ఉంది: "గొంతు బొంగురుగా ఉంది. నీళ్ళు తాగితే దగ్గు వస్తోంది. డాక్టరుకు తెలియజేశాను." కింద పొడి సంతకం. ఆ అమ్మాయి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. రాత్రంతా డ్యూటీ చేసి, ఇంటికి పోయే ముందు ఎవరూ అడగకుండానే ఉన్నదున్నట్టు రాసిపెట్టి పోయింది. ఆ వరస ఓబమ్మకు చదివి వినిపించాను. ఆమె కాగితం తీసుకుని ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా చాలాసేపు వేలు తీయలేదు.

తర్వాత పెద్దాసుపత్రిలో చెవి ముక్కు గొంతు విభాగానికి తీసుకుపోయాను. అక్కడున్న లేడీ డాక్టరు ముక్కులోకి మందు చల్లి, సన్నని గొట్టం పంపించి, పక్కన తెర మీద చూపించింది. గులాబీ రంగు గుహలాంటి చోట రెండు తెల్లని పట్టీలు. "ఆ అనమ్మా," అంది డాక్టరు. ఓబమ్మ గాలి వదిలింది. కుడివైపు పట్టీ టక్కున మధ్యకు వచ్చింది. ఎడమది కదల్లేదు.

"ఇదేనా నా గొంతు?" అంది ఓబమ్మ, గొట్టం తీశాక.

"ఇదేనమ్మా. ఎడమపక్క పట్టీని కదిలించే నరానికి దెబ్బ తగిలింది. రెండూ కలవట్లేదు, అందుకే గాలి పోతోంది."

"ఆ నరం యాడుంటాది?"

డాక్టరు కాగితం తీసి బొమ్మ గీసింది. మెదడు కింద బయలుదేరిన నరం మెడలో దిగి, గొంతును దాటిపోయి, ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం కింద చుట్టు తిరిగి, మళ్ళీ పైకెక్కి థైరాయిడ్ గ్రంథి వెనకగా గొంతుకు చేరుతుంది. నేను ముప్పయ్యొక్క ఏళ్ళు ఆసుపత్రిలో ఉన్నా ఈ సంగతి వినలేదు. ఓబమ్మ నోరు తెరుచుకుని వింటోంది.

"గుండె కాడికి పోయి మల్లా ఎనక్కి వస్తాదా? మాట్లాడేదానికా?"

"హౌదమ్మా. ప్రతి మనిషిలో అంతే."

"ఎంత లావుంటాది?"

"సన్నగా. లావుపాటి దారం ఉంటుందే, అంత."

"నారు వేరు మాదిరి," అంది ఓబమ్మ తనలో తాను. చేయి ఎత్తి మెడ మీద పెట్టుకుని, అక్కడ నుంచి రొమ్ము మీదికి, మళ్ళీ పైకి, ఆ నరం పోయే దారంతా వేలితో గీసుకుంది. తన ఒంట్లో ఇంత ఏర్పాటు ఉందా అన్నట్టు ఆమె ముఖం వెలిగిపోయింది. నేనేమో అంతసేపూ, పోగొట్టుకున్నదాన్ని చూసి ఏడుస్తుందని భయపడుతూ కూర్చున్నాను.

అప్పుడు నాకు గుబులు పుట్టించే ప్రశ్న తనే అడిగింది. "మేడమ్, జాగ్రత్తగా కోసినా దీనికి దెబ్బ తగిలేది ఉంటాదా?"

డాక్టరు నిజం చెప్పింది. "ఉంటుందమ్మా. వందలో ఒకరిద్దరికి, ఎంత మంచి చేయైనా."

కేసు అయిపోయిందనుకున్నాను. ఓబమ్మ కాసేపు ఆ బొమ్మ చూసింది.

"అట్లంటే ఆ మాట కోసేకి ముందే నాకు చెప్పల్ల గదా? గొంతు పోవచ్చమ్మా, నీది గొంతుతో పని, చేయించుకుంటావా అని అడగల్ల గదా? పోయినాకైనా, పోయిందని చెప్పల్ల గదా?"

ఈ ఒక్క మాట మీద పెద్ద పెద్ద కోర్టులు పేజీల కొద్దీ తీర్పులు రాశాయి. మూడో తరగతితో బడి మానేసిన మనిషి, ఆసుపత్రి స్టూలు మీద కూర్చుని, తన ఆలోచనతోనే అక్కడికి చేరింది. లేడీ డాక్టరు మళ్ళీ పెన్ను తీసుకుంది. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లోనే ఈ పరీక్ష చేసి గొంతు వ్యాయామాలు మొదలుపెట్టి ఉంటే మేలు జరిగే అవకాశం ఎక్కువుండేదని లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం చేసి ఇచ్చింది.

వకీలుగా సహన అనే అమ్మాయిని ఇచ్చారు. చిన్న వయసే గానీ గట్టిది. ఫిర్యాదు వేసింది. ఆసుపత్రి తరఫున జవాబు వచ్చింది. ఈ ఆపరేషన్లో ఇది తెలిసిన ప్రమాదమే, భర్త అన్నీ విని ఒప్పుకుని సంతకం చేశాడు అని. ఆ మాట వినగానే కెంచప్ప ముఖం నల్లబడింది.

"కౌంటర్లో నాలుగు కాగితాలు ఇచ్చిరి మేడమ్. అడ్మిషన్‌వి అనుకుని అన్నిట్లో సంతకం పెడితిని. అంతా ఇంగ్లీషు. నేనే దీని గొంతు..."

ఓబమ్మ ఆయన భుజం మీద చేయి వేసింది. "నువ్వు నా మంచికే పెడితివి. నేను తెలివిలోనే ఉంటి గదా, నడిచే పోతి గదా ఆపరేషన్ రూముకు. నన్నడగల్ల వాళ్ళు. గొంతు నాది."

సహన ఆ మాటను అలాగే వాదనలో పెట్టుకుంది.

వాయిదాలు ఏడాదిన్నర సాగాయి. చివరి వాదన మే నెలలో. హాల్లో ఫ్యాన్లు దడదడా తిరుగుతున్నాయి. రెండు పక్కల వకీళ్ళూ ముగించాక కమిషన్ అధ్యక్షురాలు ఓబమ్మ వైపు తిరిగి, ఏమైనా చెప్పుకోవాలా అని కన్నడలో అడిగారు. ఓబమ్మ లేచింది. పెదాలు కదిలాయి. ఎవరికీ వినబడలేదు.

అధ్యక్షురాలు అటెండరును పిలిచి ఫ్యాన్లు ఆపమన్నారు.

బళ్ళారి మే ఎండల్లో, నిండిన హాల్లో ఫ్యాన్లు ఆగిపోయాయి. వెనక తమ కేసు కోసం కూర్చున్నవాళ్ళు మాటలు మానేశారు. తలుపు దగ్గరున్న పోలీసాయన తలుపు మూశాడు. ఆసుపత్రి వకీలు కూడా కాగితాలు తిప్పడం ఆపి ముందుకు వంగాడు.

"నా కూలోల్లు ఇరవై రెండు మంది," అంది ఓబమ్మ తెలుగులో. సహన పక్కనే నిలబడి కన్నడలో చెబుతూ వచ్చింది. "కాలికి గాజుపెంకు గుచ్చుకుందని ఒకామె అంటే, నేను నాటేది నిలిపి, పోయి సూస్తా. మేస్త్రి అంటే అదే గదా. నేను రెండుసార్లు పోయి చెప్తి. ఆసుపత్రిలో నర్సమ్మ ఒక్కతే ఇనె. డాక్టర్ సారు మంచోడే, గడ్డ బాగ తీసినాడు. చేయి జారిందో లేదో నాకు తెలీదు, అట్ల జారిందని నేను చెప్పను. చెప్పకుండ కోసినారు, పోయినాక దాచినారు. అది ఒకటే నేను చెప్పేది."

ఇంత చెప్పడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వినబడింది. చెమట ధారగా కారుతున్నా ఎవరూ తుడుచుకోలేదు. ఆ హాల్లో పెద్ద గొంతుల వాదనలు చాలా విన్నాను. అంత నిశ్శబ్దం ఎన్నడూ చూడలేదు.

జులైలో తీర్పు వచ్చింది. కత్తి పట్టిన చేతిలో నిర్లక్ష్యం రుజువు కాలేదన్నారు. కానీ తెలివిలో ఉన్న రోగిని వదిలి భర్త చేత, అర్థం కాని భాషలో సంతకం తీసుకోవడం, ప్రమాదం చెప్పకపోవడం, నర్సు రాసిన మాటను పట్టించుకోకపోవడం, రికార్డు ఇవ్వకుండా తిప్పడం సేవాలోపమేనన్నారు. పరిహారమూ, ముందు చేయించుకోవలసిన వైద్యం ఖర్చూ ఇవ్వమన్నారు. ఇకపై అంగీకారపత్రం రోగికి తెలిసిన భాషలో వివరించాలన్నారు.

సగం ఓడిపోయామని ఆమె బాధపడుతుందేమోనని, మొదటి భాగం మెల్లగా చదివాను.

"సరిగ్గానే చెప్పినారు," అంది. "నేను చూడనిది నేనెట్ల గెలుస్తా?"

బయట వరండాలో ఆ సర్జన్ నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. మమ్మల్ని చూసి వెళ్ళిపోతాడనుకున్నాను. దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది," అన్నాడు.

"ఇప్పుడు చెప్పండి సార్," అంది ఓబమ్మ.

ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. గడ్డ ఎలా నరానికి అంటుకుని ఉందో, ఎక్కడ రక్తం వచ్చిందో, దాన్ని ఆపడానికి ఏం చేశాడో, మరునాడు నర్సు చెప్పినప్పుడు తనకు అనుమానం వచ్చీ వారం చూద్దాంలే అని ఎందుకు ఊరుకున్నాడో చెప్పాడు. "భయపడ్డానమ్మా," అన్నాడు చివరికి. ఓబమ్మ మధ్యలో ఐదారు ప్రశ్నలు వేసింది. నరం రక్తనాళం చుట్టూ తిరిగే చోటు గురించి ఆమె అడిగినప్పుడు ఆయన ఆశ్చర్యంగా తలెత్తాడు. పావుగంట తర్వాత ఆమె లేచి ఆయనకు నమస్కారం పెట్టింది. ఆయన రెండు చేతులూ జోడించి అలాగే నిలబడ్డాడు.

ఆసుపత్రి యాజమాన్యం బెంగళూరులో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసింది. అక్కడా తీర్పు మారలేదు. ఓబమ్మ బెంగళూరులోనే గొంతుకు ఇంకో చిన్న ఆపరేషన్ చేయించుకుంది, కదలని పట్టీని మధ్యకు జరిపేది. ఆ తర్వాత నాలుగు నెలలు గొంతు వ్యాయామాలు.

మొన్న సత్యనారాయణపేటలో మా ఇంట్లో వంట చేసుకుంటుంటే ఫోన్ మోగింది. తెలియని గొంతు. కాస్త గరుకుగా, బరువుగా, నిండుగా ఉంది. వెనక నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు.

"ఎవరమ్మా?" అన్నాను.

"అక్కా, నేనక్కా, ఓబమ్మను," అంది ఆ గొంతు.

స్టవ్ కట్టేసి అక్కడే కూర్చుండిపోయాను. మూడేళ్ళకు పైగా ఆ మనిషి పక్కన తిరిగాను గానీ, ఆమె గొంతు ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.