నీళ్ళ పెట్టెలో రెండు ముక్కలు

విజయనగరంలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని నేను చేసే ఉద్యోగం, ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో రాయడం. ప్రోటీన్ లాంటి అణువు నీళ్ళలో ఎలా కదులుతుందో, ఎలా ముడుచుకుంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపించే సాఫ్ట్‌వేర్ అది. ఇదివరకు ఇలాంటివి రీసెర్చ్ విద్యార్థుల కోసం రాసేవాళ్ళం. ఇప్పుడు ఏఐ ఏజెంట్ల కోసం రాస్తున్నాను. అంటే, ఈ ప్రోటీన్ సంగతి చూడు అని ఒక్క మాట చెబితే మిగతా పనంతా తమంతట తామే చేసుకుపోయే ప్రోగ్రాముల కోసం. మనిషికి సగం చెబితే మిగతా సగం పక్కవాళ్ళని అడిగి తెలుసుకుంటాడు. ఏజెంటుకి నేను రాసిందే దిక్కు.

మొన్న వానాకాలంలో మొదటిసారి నేను రాసింది ఇచ్చి ఏజెంటు చేత పని చేయించాం. కంప్యూటర్‌లో లెక్క కోసం కట్టిన నీళ్ళ పెట్టెలో ప్రోటీన్‌ని పెట్టింది, మెల్లగా వేడి చేసింది, లెక్క చక్కగా నడుస్తోంది. భోంచేసి వచ్చి చూసేసరికి, అప్పటిదాకా చేసిందంతా పారేసి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. సాయంత్రానికి మళ్ళీ అదే వరస. కారణం కూడా రాసిపెట్టింది: "అణువు రెండు ముక్కలైంది. ఫలితం చెల్లదు."

చదవగానే నవ్వొచ్చింది. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో నేనూ సరిగ్గా ఆ మాటే అన్నాను.

మా ల్యాబ్ ఒక పొడవాటి గది. ఏసీ కంప్యూటర్ల కోసం పెట్టింది, మేం శాలువాలు కప్పుకుని కూర్చునేవాళ్ళం. కరెంటు పోతే యూపీఎస్ కూతలు పెట్టేది, ఎవరి లెక్కలు వాళ్ళు భద్రం చేసుకోవడానికి ఒకటే హడావుడి. నా పక్క కుర్చీ సీనియర్ అక్కది. నరసన్నపేటలో బట్టల వ్యాపారుల ఇంటి అమ్మాయి. ఆవిడ సంచిలో ఎప్పుడూ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలుండేవి. నా మొదటి లెక్క పూర్తయిన రోజు తెర మీద బొమ్మ తెరిచి చూస్తే, ప్రోటీన్ సగం పెట్టెకి ఈ చివర, సగం ఆ చివర.

"అక్కా, నా ప్రోటీన్ ముక్కలైపోయింది" అన్నాను. ఏడుపు ఆగలేదు. ఆ ఫైలు చెరిపేయబోతుంటే అక్క నా చేతి మీద చెయ్యేసింది.

"ఒసే, ఆగవే. ఏటి సెరిపేస్తన్నావు? అది ముక్కలవలేదు. ఈ గుమ్మంలోంచి బయటికెళ్ళినోడు ఆ గుమ్మంలోంచి లోపలికొస్తాడు, ఈ పెట్టె అలాగే కట్టుంటాది. ఓ కాలు గుమ్మం దాటింది, అంతే. సూడు, మధ్యకి జరుపుతాను."

ఏదో టైపు చేసింది. ప్రోటీన్ చెక్కుచెదరకుండా పెట్టె నడుమ కూర్చుంది. తర్వాత తర్వాత నేనూ ఆ పని ఆలోచించకుండానే చేసేదాన్ని. అందుకే ఏజెంటుకి అది రాయాలని కూడా నాకు తట్టలేదు.

ఏజెంటు లెక్క పారేసిన ఆ వారమే నరసన్నపేట బస్సెక్కాను. అక్క డాక్టరేట్ పూర్తిచేసి, కొన్నాళ్ళు కాలేజీలో చెప్పి, ఇప్పుడు వాళ్ళన్నయ్యతో కలిసి సొంత కొట్టు చూసుకుంటోంది. పొందూరు పంచెల కట్టలు పక్కకి జరిపి నా ల్యాప్‌టాప్‌కి చోటిచ్చింది. జరిగింది చెప్పాను.

"అదీ నీలాగే ఏడిసిందేటి?"

"ఏడవలేదక్కా. మళ్ళీ మొదలెట్టింది."

"అయితే నీకంటే నయమే" అంది, మొహంలో నవ్వు కనబడకుండా.

అప్పట్లో నాకు ఇంకా ఏమేం చెప్పేదానివని అడిగాను. అక్క ఓ పంచె మడత సరిచేస్తూ చెప్పింది.

"నీళ్ళు పోసిన ఎంటనే ఏడి సెయ్యొద్దని సెప్పీదాన్ని. బస్సెక్కినోళ్ళు సర్దుకోకముందే డైవరు బండి లాగేస్తే ఒకడి మీద ఒకడు పడతాడు కదేటి. అణువులూ అంతే."

ఆవిడ చెబుతుంటే నేను రాసుకుపోయాను. రాసేటప్పుడు బస్సు పోలిక పోయింది, "ముందు అణువులను సర్దుబాటు చేయి, వాటి మధ్య బలాలు హద్దులోకి రాకపోతే వేడి చేయకుండా ఆగు" అని మిగిలింది. గుమ్మం కూడా పోయింది. "ముక్కలుగా కనిపిస్తే అణువును మధ్యకు చేర్చి బంధాల పొడవు చూడు. అవి సరిగా ఉంటే ఫలితాన్ని పారేయకు" అని రాశాను.

అక్క మొత్తం చదివింది. "బాగుంది. మన మాటలే లేవు ఇందులో."

"దానికి బస్సెందుకక్కా? అదెప్పుడైనా ఎక్కిందా?"

నవ్వింది గానీ, నేను రాసింది మళ్ళీ మొదటి నుంచి చదివింది.

తర్వాతి సారి ఏజెంటు పని సాంతం పూర్తిచేసింది. "అణువు పెట్టె అంచు దాటింది. మధ్యకు చేర్చాను. బంధాలు సరిగా ఉన్నాయి. కొనసాగిస్తున్నాను" అని నివేదికలో రాసింది. అక్కకి ఫోన్ చేసి చదివి వినిపించాను.

"ఇంతేనా?" అంది. "నువ్వయితే ఆ రోజు సంబరం పట్టలేక ల్యాబ్ అందరికీ టీ ఇప్పించీసావు. మన గైడు సార్‌ని కూడా లాక్కొచ్చీసావు."

నాకు ఏడ్చింది గుర్తుంది గానీ టీ సంగతి బొత్తిగా గుర్తులేదు. ఏ కొట్లో అక్కా, ఎవరెవరొచ్చారు, సార్ ఏమన్నారు అని అడిగాను. అక్క ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. చేస్తున్న పని పక్కనపెట్టి, వింటూ కూర్చున్నాను.