బెల్లం మేస్త్రి, గుండ్లవాగు చర్చి

నర్సింహ మేస్త్రి కట్టిన ఇళ్లన్నీ నిలబడే ఉన్నాయి. అతని చేతుల్లో పాడైంది ఒక్కటే. అది అతను కట్టింది కాదు.

గుండ్లవాగు చర్చి అది. నకిరేకల్ నుంచి లోపలికి పోయే దారిలో, ఊరికంటే ముందే కనపడుతుంది. నిజాం కాలంలో, కరువొచ్చిన ఏడు, ఒక తెల్లదొర ఊరివాళ్లకు గింజలు కొలిచి రాళ్లు మోయించి కట్టించాడు. రాతి గోడలు, రాళ్ల మధ్య మట్టి, పైన ఇటుక కమానులు, బంగ్లా పెంకు కప్పు. ఇంగ్లండు సీమలో తన పల్లె చర్చి ఎట్లా ఉండేదో దొర పుల్లతో నేల మీద గీస్తే, అది చూసి నర్సింహ ముత్తాత కట్టాడట. అందుకే కిటికీలు దొర చెప్పినట్టే మొన తేలాయి కానీ, గంట గోపురం మాత్రం మన గడి బురుజులా బలిసింది. లోపల రంగుటద్దాలు, బాప్తిస్మానికి ఒకే రాయిని తొలిచిన తొట్టి. వెనక దొరసాని సమాధి. మేస్త్రి ఇంటివాళ్లు మొక్కేది యాదగిరి నర్సన్నకే. అయినా ఆ గోడల పని వాళ్లదే అన్న మాట అప్పటి నుంచీ తప్పలేదు.

ఆ పనికో పద్ధతి ఉండేది. క్రిస్మస్ ముందర గానుగలో డంగు సున్నం నూరేవాళ్లు. ఆ రోజు ఏ దేవుణ్ణి మొక్కే ఇల్లయినా సరే, ఊళ్లో ప్రతి ఇంటి నుంచీ ఒక బెల్లం గడ్డ రావాలి. గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది సైదమ్మ. ఆమె పెళ్లి ఆ చర్చిలోనే అయింది, మొగుడు పోయాక చర్చి ఊడ్చే పని పట్టుకుంది. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి నూరిన సున్నంతో నర్సింహ ఊడిన చోటల్లా పూత పూసేవాడు.

నార్కట్‌పల్లి అడ్డా మీద తోటి మేస్త్రీలు ఊరుకుంటారా?

"ఏం బెల్లం మేస్త్రీ, గోడలు కడ్తవా, అరిసెలు జేస్తవా?"

"జర దూరం నిలవడు, నీ ఎన్క ఈగలొస్తున్నయ్."

నవ్వేవాడు. లోపల మాత్రం మండేది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు చర్చికి నూరేళ్ల పండుగ వచ్చింది. ఈసారి పని ఎట్లా చేద్దామని పాస్టరయ్య అడిగాడు. అతను ఎట్లా చెబితే అట్లా ఒప్పుకునేవాళ్లే అందరూ. చెప్పింది నర్సింహే.

"ఏటా గీ సున్నం గీకుడేంది అయ్యగారూ? సిమెంటు కొడ్తా. కింద టైల్స్ ఏస్తా. నేను బతికున్నన్నాళ్లు మల్ల ముట్టే పనుండది."

సైదమ్మ ఒక్కతే అడ్డం పడింది. "బెల్లం పేరు జెప్పి ఏడాదికోపాలన్న అందరి గడపలు దొక్కుత గదరా నర్సిగా. అది గుడ బంద్ జేస్తవా?"

"బెల్లం నేను కొనిస్తగని ఇంట్ల కూసొని తిను అవ్వా."

గోడ తడి పీల్చాలి, పీల్చింది బయటికి వదలాలి, సున్నం అయితేనే వదులుతుంది అని తండ్రి చెప్పిన మాట అతనికి తెలియక కాదు. ఆ రోజు దాన్ని పక్కన పెట్టాడు. అడ్డా మీదివాళ్లను పిలిచి మరీ చూపించాలని నున్నగా కొట్టాడు, మెరిసే రంగు వేశాడు. పండుగనాడు అందరూ చర్చి ముందు ఫోటోలు దిగారు.

వానలు పడ్డాయి. తడి గోడలోనే చిక్కి, రంగు బొబ్బలెక్కింది. ఆ మీదట కమానుల్లో ఇటుక పిండిపిండయింది. ఒక పొద్దున సైదమ్మ ఊడ్చి బయటికొచ్చిన కాసేపటికే పెద్ద పెళ్ల ఊడి బెంచీల మీద పడింది. నల్లగొండ నుంచి వచ్చిన ఇంజనీరు లోపలికి ఎవరూ పోవద్దన్నాడు. ప్రార్థన పక్కనున్న రేకుల షెడ్డులోకి మారింది. నర్సింహ బాగుచేస్తానన్నాడు కాబట్టి తాళంచెవి అతని దగ్గరే ఉండిపోయింది.

సైదమ్మ మంచాన పడ్డాక అతన్ని పిలిపించింది. "నేను సచ్చినంక నా పెట్టె ఒక్కపాలి లోపలికి వొయ్యి రావాలెరా. ఖరాబు జేసింది నువ్వే, బాగు జేసేది నువ్వే."

"జేస్త అవ్వా" అని మాటిచ్చాడు.

మర్నాడే సుత్తీ ఉలీ పట్టాడు. సిమెంటు ఒక్కటే రాలేదు, ఇటుక చెక్కను కరుచుకుని మరీ వచ్చింది. కమాను పగులు ఇంకింత నోరు తెరిచింది. అక్కడితో ఆపేశాడు. ఎవరికీ చెప్పలేదు, భార్య కోమలకు తప్ప.

"అవ్వకేం జెప్తవ్ మరి?" అందామె.

చెప్పలేదు. చూడటానికి పోయినప్పుడల్లా సైదమ్మ అడిగేది. "యాడిదాక వచ్చిందిరా?"

"కిటికీల దాక."

"మొన్న గుడ కిటికీలే అంటివి గద?"

"అవి సన్నపు పని అవ్వా. మొనలున్నయ్ గద."

"అట్లనే కానియ్. నేనేం ఉర్కుతలేను" అని బోసినోటితో నవ్వేది.

ముసురు పట్టిన రోజుల్లో ఆమె పోయింది. పెట్టెను తిన్నగా చర్చి తలుపు ముందుకే తెచ్చారు. ఆమె మనుమడు రాకేష్ చెయ్యి చాపాడు.

"మామా, తాళంచెవి ఇయ్యి. అయిదు నిమిషాలల్ల బయటికొస్తం."

"ఇయ్య."

"అవ్వకు మాటిచ్చినవ్ గదనే!"

"ఇచ్చిన. అబద్ధం జెప్పిన. లోపల పనేం గాలే రాకేషు. కమాను ఎప్పుడు కూలుతదో నాకే తెల్వది."

రాకేష్ అతని అంగీ పట్టి గుంజాడు. పాస్టరయ్య విడిపించాడు. ఒకడు తాళం పగలగొట్టడానికి రాయి ఎత్తాడు. నర్సింహ పోయి తలుపుకు వీపు ఆనించి కూచున్నాడు. "ముందు నా తల మీద ఎయ్యి, పోరగా" అన్నాడు. ఆ పిల్లగాడు రాయి కింద పడేశాడు.

పెట్టెను మెట్ల మీదే దించారు. సన్నని తుంపరలో, గొడుగుల కింద పాట పాడారు. పాట అయ్యాక పెట్టె ఎత్తుకుని సమాధుల వైపు నడిచారు. పాస్టరయ్య వెనక్కి తిరిగి రమ్మన్నట్టు తలూపాడు.

నర్సింహ లేవలేదు. ఇక తాళం పగలగొట్టేవాళ్లు ఎవరూ లేరక్కడ. అయినా లేవలేదు.